మీ ఇష్టం అన్నవాళ్ళే టీ పెట్టాలి

సలోమికి భయం పుట్టుకతో వచ్చింది. అత్తిలి పక్క పల్లెటూళ్ళో పుట్టిన ఆ పిల్ల పంటకాలవ మీద వేసిన తాటిమొద్దు దాటాలంటే అన్న చొక్కా పట్టుకుని కళ్ళు మూసుకునేది. అలాంటిదాన్ని తెచ్చి తెచ్చి కొల్లేటి మధ్య పరజలంకకి కోడలుగా పంపారు. నాలుగు వైపులా నీళ్ళున్న ఊరికి నీళ్ళంటే హడలిపోయే పిల్లని ఇవ్వడమేమిటని ఒక్కరూ అడగలేదు. పెళ్ళికొడుకు ఏసోబు నెమ్మదస్తుడు, ఆదివారం చర్చి మానడు, అంతకన్నా ఏం కావాలి అన్నారు. మర్యాదకి సలోమినీ అడిగారు లెండి. "మీ ఇష్టం" అంది.

మన వైపు మనుషుల సంగతి తెలిసిందే. అండీ లేకుండా నోట్లోంచి మాట రాదు, కాదు అన్న మాట అసలే రాదు. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని కాలే ముద్దైనా మింగేస్తాం గాని వేడిగా ఉందని అనం. మొహమాటానికి పోతే ఏమవుతుందో పెద్దలు సామెత చెప్పారు. అది ఇక్కడ పూర్తిగా అనక్కర్లేదు, అందరికీ తెలిసిందే.

ఇరవై ఏళ్ళ కిందట ఊళ్ళో పదిమంది ఆడాళ్ళతో డ్వాక్రా సంఘం పెట్టినప్పుడు సలోమిని లీడరుగా ఉండమన్నారు. వద్దనడానికి భయమేసి ఒప్పుకుంది. ఏలూరు నుంచి వచ్చిన మేడమ్ గారు, "ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?" అని అడిగారు. ఎవరో బాతులు అన్నారు. మీ ఇష్టమండీ అంది పక్కావిడ. మీ ఇష్టమండీ అంది ఆ పక్కావిడ. అలా పదిమంది ఇష్టమూ కలిసి రెండు వందల బాతుపిల్లలు ఊళ్ళోకి దిగాయి. మూడు నెలల్లో సగం చచ్చాయి, మిగతా సగం కొల్లేట్లోకి ఈదుకుంటూ పోయి మళ్ళీ ఈ గట్టు మొహం చూడలేదు.

అప్పుడు విప్పారండీ నోళ్ళు! "నాకు మొదట్నించీ బాతులంటే కంపరమండీ" అంది ఒకావిడ. "నేను అప్పుడే అనుకున్నాను" అంది ఇంకొకావిడ. తీరా చూస్తే పదిమందిలో ఒక్కరికీ బాతులు ఇష్టం లేదు. మరి ఆ మాట ముందెత్తింది ఎవరమ్మా అంటే, సలోమి ఎదురింటి సూరమ్మ. "మేడమ్ గారికి బాతులంటే ఇష్టమేమో అనుకున్నాను వదినా" అంది తల గోక్కుంటూ.

సలోమికి జన్మలో మొదటిసారి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే నోరు దానంతటదే లేచింది. "ఇక మీదట ఈ సంఘంలో మీ ఇష్టం అన్నవాళ్ళు ఆ రోజు అందరికీ టీ పెట్టాలి" అంది. అందరూ నవ్వారు గాని సలోమి నవ్వలేదు. ఇంటి వరసన తలా ఒక మాట చెప్పి తీరాలంది. ముందు మనిషి చెప్పింది తిరిగి చెప్పాకే తన మాట చెప్పాలంది. మొదటి ఏడాది ప్రతి శుక్రవారమూ ఎవరో ఒకరు టీ పెడుతూనే ఉన్నారు. పాలు మాత్రం సూరమ్మ గేదెవే. బాతుల తప్పుకి అది తన వంతని ఆవిడే అంది. ఆ గేదె పోయాక దాని కూతురు, తరవాత దాని కూతురు నల్లమ్మ. పాలిచ్చే గేదె మారింది గాని టీ మారలేదు.

పదిమంది చేరితే పాము చావదంటారు. సలోమి సంఘంలో చచ్చేది. మంచినీళ్ళ కుళాయి దగ్గర కొట్లాటలు ఎలా ఆపాలి, నెలలు నిండిన పిల్లల్ని వానాకాలంలో కైకలూరులో ఎవరింట ఉంచాలి, ఇలాంటివన్నీ అరుగుల మీద కూర్చుని తేల్చేసేవారు. ఈ ఇరవై ఏళ్ళలో సలోమి ఒక్కసారీ టీ పెట్టలేదు. అలాగని భయం పోలేదు. ఉరిమితే ఇప్పటికీ మంచం కిందే చూసేది.

*

మొన్నటి వానాకాలం, సెప్టెంబరులో, మూడు రోజులు తెరిపి లేకుండా కురిసింది. పైనుంచి వచ్చిన ఏటి నీళ్ళూ వాన నీళ్ళూ కలిసి కొల్లేరు ఊళ్ళోకి వచ్చి కూర్చుంది.

పరజలంకకి ఉన్నది ఒకటే వీధి. పడమటి చివర తూము, దాని మీదుగా కైకలూరు రోడ్డు. తూర్పు చివర వెంకటనరసమ్మ మామ్మ ఇల్లు. నడిమధ్య ఎత్తయిన అరుగు మీద చర్చి. వీధి వెనకే ఆ చివర నుంచి ఈ చివర దాకా చలపతిరావు గారి రొయ్యల చెరువు. ఆయన ఉండేది ఏలూరులో. చెరువు మీద కాపలా మన ఏసోబు. నీళ్ళని చిలికి రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లకి తూర్పు మూల జనరేటర్ షెడ్డులోంచి కరెంటు వైర్లు పోతాయి, గట్టు పొడుగునా కర్రల మీద, పడమటి మూల తూము దాకా.

ముందురోజే లైన్‌మేన్ వచ్చి ఊరి కరెంటు కట్టేశాడు. మోటార్లు, జనరేటర్లు కూడా ఎవరూ వెయ్యొద్దని గ్రామ సచివాలయం వాళ్ళు మైకులో చెప్పి వెళ్ళారు. ఊళ్ళో ఫోన్లు అప్పటికే చచ్చాయి. సుగుణ ఫోనులో కాస్త ఛార్జింగ్ ఉన్నా టవర్ లేదు.

ఆ తెల్లవారుజామున ఏసోబు గట్టు మీద నుంచి ఇంటికొచ్చి, నిలబడే గ్లాసుడు టీ తాగి, గొంతు తగ్గించి చెప్పాడు. "జనరేటర్ వేసొచ్చానే. రొయ్యలు తేలిపోతున్నాయి. నిన్న ఫోన్లు పనిచేసినప్పుడే చలపతిరావు గారు చెప్పారు, ఏది ఆగినా అది ఆగకూడదని. ఎవరితోనూ అనకు."

"వద్దన్నారు కదండీ మైకులో" అంది సలోమి.

"నాకు తెలీదా? నువ్వు నోరు మెదపకు, అంతే. డీజిల్ అయిపోవస్తోంది. రోడ్డు మీదికెళ్ళి తెస్తాను. పదింటికల్లా వచ్చేస్తా."

అప్పటికి వీధిలో నీళ్ళు చీలమండ దాకానే ఉన్నాయి. తలకి తువ్వాలు చుట్టుకుని, ఖాళీ క్యాను పట్టుకుని తూము మీదుగా వెళ్ళిపోయాడు. మిగతా మగాళ్ళంతా పెద్ద గట్టుకి ఇసుక బస్తాలు వెయ్యడానికి నాటు పడవల్లో పోయారు. ఊళ్ళో ఆడాళ్ళూ పిల్లలూ మిగిలారు.

ఏడింటికి పడమటి మూల చెరువు గట్టు తెగింది. చూస్తుండగా వీధిలో నీళ్ళు మోకాళ్ళు దాటాయి. పిల్లల్ని చర్చికి పంపేసి, ఎవరి అరుగు మీద వాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు.

తొమ్మిదింటప్పుడు సూరమ్మ నల్లమ్మ పలుపు విప్పింది. తూము అవతల గడ్డివామి దిబ్బ మీదికి దూడని ముందు సాయంత్రమే చేర్చింది. అది పాలకి అరుస్తోంది. తల్లి దానంతటదే వెళ్తుందని వదిలింది. నల్లమ్మ నీళ్ళలో ఠీవిగా నడుచుకుంటూ పోయింది. తూము ఇంకా పది బారలుందనగా ఆగిపోయింది. మెడ పైకి బిగుసుకుంది. అరవనైనా లేదు. పక్కకి ఒరిగి అలాగే పడిపోయింది.

"నల్లమ్మా!" అని సూరమ్మ పెట్టిన కేకకి వీధి వీధంతా అరుగుల చివరికి వచ్చింది.

సలోమి గుండె ఝల్లుమంది. గట్టు తెగింది పడమటి మూల. వైర్ల కర్రలున్నది పడమటి మూల. ఆ కర్ర ఉందో పడిపోయిందో ఇక్కడికి కనిపించడం లేదు, అడ్డంగా తుమ్మచెట్లు. జనరేటర్ చప్పుడు వినిపించదు, గాలి అటువైపు లాగుతోంది. ప్రభువా, పామే అయ్యుండాలి, పామే కరిచి ఉండాలి అనుకుంది. ఎందుకంటే పాము కాకపోతే పదింటికల్లా ఆ నీళ్ళలోంచే ఏసోబు రావాలి.

"దూడని తెచ్చుకోవాలి, నేను దిగుతాను" అంది సూరమ్మ ఏడుస్తూ.

"ఆగు పిన్నీ, అందర్నీ అడుగుదాం" అంది పక్కింటి కోడలు భాగ్యశ్రీ. ఆ పిల్ల సంఘంలో చేరి రెండేళ్ళే అయింది, అలవాటు మాత్రం ఒంటబట్టింది.

వీధికి ఇటూ అటూ అరుగుల మీద నిలబడి, మధ్యలో పారే నీళ్ళ మీదుగా అరుచుకుంటూ మీటింగు పెట్టారు. కింద కాలు పెట్టకుండా పెట్టిన మీటింగు అదొక్కటే. గేదె ఎలా చచ్చింది, నీళ్ళలోకి దిగొచ్చా లేదా. ఇంటి వరసన తలా ఒక మాట.

భాగ్యశ్రీ మొదలుపెట్టింది. "రాత్రంతా తూము దగ్గర కప్పలు చెవులు పగలగొట్టాయండీ. పొద్దుట్నించీ ఆ వైపు ఒక్కటీ అరవట్లేదు. ఊరికే చెబుతున్నాను, దాందేముంది లెండి."

తరవాత సుగుణ. కప్పల మాట తిరిగి చెప్పి, తన మాట చెప్పింది. "ఇందాక మెట్టు మీద కూర్చుని గిన్నె కడుగుతుంటే వేళ్ళు జివ్వుమన్నాయి. నాకు బీపీ కదా, దానివల్లేమో."

ఆ తరవాతింటావిడ చిన్న చేపలు నాలుగు తెల్లగా పొట్టలు పైకి పెట్టుకుని కొట్టుకొచ్చాయంది. చెరువులో మందేదో వేశారేమో అని తనే సర్దేసింది.

చూడండి మరి. కప్పలు, వేళ్ళు, చేపలు. మూడు మాటలూ ఒకే వేలితో ఒకే చోటు చూపిస్తున్నాయి. కానీ ఎవరి మాటని వాళ్ళే కొట్టేసుకున్నారు. పైగా లైను కట్టేసింది లైన్‌మేనే కదా, ఊళ్ళో ఒక్క బల్బూ వెలగడం లేదు కదా. కరెంటన్న మాట ఎవరి నోటా రాలేదు. చివరికి, "వరదకి పాములు కొట్టుకొస్తాయి, కట్లపాము అయ్యుంటుంది, కర్రతో తట్టుకుంటూ పోతే సరి" అన్నది తేలింది.

లీడరు కాబట్టి సలోమి మాట ఆఖరిది. అందరూ ఆవిడ వైపు తిరిగారు.

సలోమి నోరు తెరిచింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే నల్లమ్మని చంపింది ఏసోబే అవుతాడు. ఎదురింటి వదిన జీవనాధారాన్ని చంపాడంటారు. వద్దన్న జనరేటర్ వేశాడని పోలీసులు పట్టుకుపోతారు. చలపతిరావు గారు నాకేం తెలీదంటాడు, పెద్దవాళ్ళు ఎప్పుడైనా అంతే. చెప్పకపోతే? పామే అయితే? పామైతే ఎవరికీ ఏమీ కాదు. నోరు మెదపకు అన్న మొగుడి మాట చెవిలో గింగురుమంది.

"మీ... మీ ఇష్టమండీ" అంది.

అంత ఏడుపులోనూ సుగుణ, "అమ్మో, సలోమక్క టీ పెట్టాలి!" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

సూరమ్మ నవ్వలేదు. "వదినే సరే అంది కదా" అంటూ కర్ర తీసుకుని, చీర ఎగదోపుకుని, కుడి కాలు మెట్టు మీద నుంచి కిందికి చాపింది. బొటనవేలు నీటికి బెత్తెడు దూరంలో ఉంది. ఆ కాలికి ఉన్న పాత వెండి మెట్టె సలోమికి కనబడింది. మొగుడు పోయి పదేళ్ళయినా సూరమ్మ అది తియ్యలేదు.

"దిగకు! దిగకు వదినా! కరెంటు!"

అంత గొంతు తనలో ఉందని సలోమికే తెలీదు. సూరమ్మ కాలు గాల్లోనే ఆగింది.

"జనరేటర్ నడుస్తోంది. మా ఆయనే వేశాడు. నాకు తెలుసు, పొద్దుట్నించీ తెలుసు. భయమేసి చెప్పలేదు. దిగకు వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

సూరమ్మ కాలు వెనక్కి తీసుకుంది. గోడకి జారగిలబడి సలోమి వంక చూసింది. ఆ చూపుకి సలోమి చచ్చిపోయిందనుకోండి. తిట్టి ఉంటే బాగుండేది. ఇరవై ఏళ్ళ స్నేహం ఆ పది గజాల నీళ్ళలో మునిగిపోతున్నట్టు అనిపించింది.

"ఏసోబన్న డీజిల్‌కి వెళ్ళాడు కదూ?" అంది భాగ్యశ్రీ సన్నగా. "ఏ దారిన వస్తాడండీ?"

ఉన్నది ఒకటే దారి.

"తరవాత కొట్టుకోండి మీరిద్దరూ! ముందది ఆపడం ఎలాగో చెప్పండి, వరసన!" అని అరిచింది సుగుణ. దాంతో మళ్ళీ మీటింగు మొదలైంది. ఈసారి ఎవరూ 'దాందేముంది లెండి' అనలేదు. ఒకరు నాటు పడవ అన్నారు, పడవలన్నీ పెద్ద గట్టు దగ్గరున్నాయి. ఒకరు పెంకుల మీద నడిచిపోదామన్నారు, ఇళ్ళ మధ్య సందులున్నాయి. భాగ్యశ్రీ అంది, "తూర్పు చివర వెంకటనరసమ్మ మామ్మ పెరటి గుమ్మం గట్టు మీదికే కదండీ. గట్టు ఆ వైపు మునగలేదు. గట్టు మీద నడిస్తే షెడ్డు."

వెంకటనరసమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండు మోకాళ్ళూ పోయాయి. ఇరవై ఏళ్ళలో ఆవిడ పెట్టినన్ని టీలు ఇంకెవరూ పెట్టలేదు, ఏదడిగినా మీ ఇష్టమర్రా అనేది. ఇప్పుడు ఊరి ప్రాణం ఆవిడ మోకాళ్ళ మీద ఉంది.

"షెడ్డులో ఎర్రపిడి ఉంటుంది, కిందికి లాగితే ఆగిపోతుంది" అంది సలోమి. ఎన్నోసార్లు ఏసోబుకి క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు చూసింది. ఆ మాట ఇంటి నుంచి ఇంటికి కేకల మీద బయల్దేరింది. విన్నవాళ్ళు తిరిగి చెప్పాకే అవతలింటికి. "రబ్బరు చెప్పులేసుకో. గట్టు దిగకు. ఎర్రపిడి కిందికి." ఎనిమిదిళ్ళు దాటి, ఆఖరున చాలా దూరం నుంచి ముసలి గొంతు ఆ మూడు ముక్కలూ తిరిగి చెప్పడం లీలగా వినబడింది. ఆ తరవాత, "పోతన్నానర్రా" అని కూడా.

సరిగ్గా అప్పుడే భాగ్యశ్రీ కెవ్వుమంది.

తూము అవతల, రోడ్డు మీద, తలమీద క్యాను పెట్టుకుని ఏసోబు వస్తున్నాడు. తొడల దాకా నీళ్ళు. వానకి కళ్ళు దించుకుని, తొందరతొందరగా అడుగులేస్తున్నాడు. పదింటికల్లా వస్తానన్న మాట తప్పకూడదని కాబోలు.

అందరూ ఒక్కసారే అరిచారు. ఆగమని ఒకరు, కరెంటని ఒకరు, వెనక్కి పొమ్మని ఒకరు. వానలో ఆ అరుపులన్నీ కలిసి వట్టి గోలయ్యాయి. ఏసోబు కళ్ళెత్తి చూశాడు. తనని చూసి సంతోషంతో అరుస్తున్నారనుకున్నాడో ఏమో, ఒక చెయ్యి పైకెత్తి ఊపి, ఇంకా తొందరగా నడిచాడు.

సలోమి అరుగు అంచుకి వచ్చేసింది. ఏవండీ, ఏవండీ అని లోపలే కొట్టుకుంటోంది. ఇందాకే చెప్పి ఉంటే, ఆ కప్పల మాట వినగానే చెప్పి ఉంటే, వెంకటనరసమ్మ ఈపాటికి షెడ్డులో ఉండేది. మొగుణ్ణి కాపాడుకోవాలనే దాచింది. దాచిన మాటే ఇప్పుడు ఆయన కాళ్ళకి చుట్టుకుంటోంది.

"గంట కొట్టించండి" అంది ఒక గొంతు.

సూరమ్మది. గోడకి ఆనుకున్నది ఆనుకున్నట్టే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చావు గంట. అది వింటే ఆగుతాడు."

పరజలంకలో ఒక కట్టుబాటుంది, ఎప్పుడో మిషన్ దొరల కాలం నాటిది. ఎవరైనా పోతే చర్చి గంట ఒక్కో దెబ్బే, ఆగి ఆగి కొడతారు. పోయినవాళ్ళకి ఎన్నేళ్ళో అన్ని దెబ్బలు. ఆ గంట వినబడితే ఎక్కడి మనిషి అక్కడ నిలబడిపోవాలి. మగవాళ్ళు తల మీది బరువు దించి, తువ్వాలు తీయాలి. గంట ఆగేదాకా అడుగు వెయ్యకూడదు. తాగి దొర్లేవాడు కూడా ఆ గంటకి నిలబడతాడు.

మాట చర్చికి మూడిళ్ళ మీదుగా పోయింది. పాస్టరు గారు ఊళ్ళో లేరు. ఆయన భార్య స్నేహలత గారు పిల్లలతో అక్కడున్నారు, పాతికేళ్ళ మనిషి. జవాబు అదే దారిన తిరిగొచ్చింది. "అమ్మగారు భయపడుతున్నారు. ఎవరూ పోకుండా ఎలా కొట్టనండీ, కీడు కదా అంటున్నారు."

నిజమే, అది కీడే. చావు లేకుండా చావు గంట కొడితే ఆ వారంలో చావొస్తుందని ఊరి నమ్మకం. అరుగుల మీద ఆడాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏసోబు ఇంకో పది అడుగులు వేశాడు.

"నా నల్లమ్మ పోయిందని చెప్పు! దానికి కొట్టమను!" అని సూరమ్మ గొంతు చించుకుని అరిచింది. "నా ఇంట్లో మనిషే అది, కొట్టమను!"

మొదటి దెబ్బ పడింది.

ఏసోబు ఆగాడు. తూముకి ఇంకా పాతిక బారలుంది. నెమ్మదిగా తల మీది క్యాను దించి నడుముకి ఆనించుకున్నాడు. రెండో చేత్తో తువ్వాలు లాగేసి, ఆ వానలో బట్టతలతో నిలబడ్డాడు.

రెండు. మూడు. ఒక్కో దెబ్బకీ మధ్య పది లెక్కపెట్టాలి. సలోమి అరుగు మీద మోకరించింది. ప్రార్థన మాటలేమీ రాలేదు, అంకెలే వచ్చాయి. ఇరవై. వెంకటనరసమ్మ ఎక్కడుందో ఎవరికీ కనబడదు. గట్టు జారుడు. పడిపోతే? ఎర్రపిడి అందకపోతే? ముప్పై. ఇంత ముసలిదాన్ని పంపామే అనుకుంది. స్నేహలత గారి చేతులు తాడు లాగి లాగి అలిసినట్టున్నాయి, దెబ్బ సన్నబడుతోంది. ముప్పై ఐదు. అంతలో ఏసోబు మెడ ఎత్తి వీధి వైపు చూడడం కనబడింది. అతనూ లెక్కపెడుతున్నాడు మరి. ఊళ్ళో వాళ్ళంతా ఎవరికెన్నేళ్ళో లెక్కపెట్టుకుంటూనే నిలబడతారు.

నలభై దాటింది. ఏసోబు ఒక అడుగు ముందుకేయబోయి, ఆగి, మళ్ళీ నిలబడ్డాడు. "ఆగండి, ఆగండి" అంది సలోమి పళ్ళు బిగించి. నలభై ఐదు. నలభై ఏడు.

తూర్పు చివర నుంచి కేక బయల్దేరింది. ఇల్లు దాటి ఇల్లు, తిరిగి చెబుతూ చెబుతూ. ఆగిపోయిందట. ఎర్రపిడి లాగిందట. ఏరేటర్లన్నీ ఆగిపోయాయట. అది చర్చి చేరేసరికి నలభై తొమ్మిదో దెబ్బ పడింది. గంట ఆగింది.

ఏసోబు చేతిలో క్యాను వదిలేశాడు. డీజిలు క్యాను నీళ్ళలో బొల్తాపడి కొట్టుకుపోతున్నా చూడలేదు. పరుగందుకున్నాడు. తొడలలోతు నీళ్ళలో మనిషి పరిగెత్తడం ఎప్పుడైనా చూశారా? పడుతూ లేస్తూ, చేతులతో నీళ్ళు తోసుకుంటూ వస్తున్నాడు. జనరేటర్ ఆగిందని పదిళ్ళూ చెప్పినా, అతను తూము దాటేదాకా సలోమి ఊపిరి పీల్చలేదు. ఈ అడుగు, ఈ అడుగు అనుకుంటూనే ఉంది. నల్లమ్మ పక్క నుంచి వచ్చాడు. దాన్నీ చూడలేదు.

అరుగు మెట్టు పట్టుకుని తలెత్తి సలోమిని చూశాడు. చూసి, నోరు తెరిచి, ఏడ్చేశాడు. యాభై అయిదేళ్ళ మొగాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సలోమికి నలభై తొమ్మిదో యాభయ్యో, అతనికి సరిగ్గా గుర్తులేదు. నలభై దాటినప్పటి నుంచీ అతనికి ఆ వీధిలో ఇంకెవరూ తోచలేదు.

"ఎవరు పోయారే?" అన్నాడు చివరికి.

ఎదురరుగు మీద నుంచి సూరమ్మ చెప్పింది.

"మా నల్లమ్మ పోయింది అన్నయ్యా. దానికి ఏడేళ్ళే. మిగతా దెబ్బలన్నీ నీ కోసమే కొట్టించాం."

*

నీళ్ళు తీశాక ఏసోబు తన పెరట్లోని గేదె పడ్డని తోలుకెళ్ళి సూరమ్మ గుంజకి కట్టేసి వచ్చాడు. ఆవిడ వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. చలపతిరావు గారి కాపలా అతనే మానేశాడు. జనరేటర్ వేసింది నేనేనని సచివాలయానికి వెళ్ళి చెప్పొచ్చాడు. చెప్పొస్తూ దారంతా వణికాడట. భయం ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరికీ ఉంది.

రెండో శుక్రవారం మీటింగు సూరమ్మ అరుగు మీదే పెట్టారు. ఎవరూ రమ్మనకుండానే సలోమి పొయ్యి దగ్గర కూర్చుని నీళ్ళు మరగబెట్టింది. పంచదార వేసింది, పొడి వేసింది. అలవాటుగా చెయ్యి పక్కకి చాపింది, పాలగిన్నె కోసం. అక్కడ లేదు. పడ్డ ఇంకా ఈనలేదు.

చెయ్యి అలాగే చాపి ఉండిపోయింది. "పాలు లేవు వదినా" అంది.

"తెలుసు. అలాగే పొయ్యి" అంది సూరమ్మ, గ్లాసు ముందుకు పెట్టి.

పదిమందీ ఆ నల్లటి టీ తాగారు. చేదుగా ఉందని ఇద్దరు అన్నారు. వెంకటనరసమ్మ మామ్మ, "అవునర్రా, మరీ చేదుగా ఉంది, నాకు నచ్చలేదు" అంది. ఇరవై ఏళ్ళలో ఆవిడ అలా అనడం అదే మొదటిసారి.